పోటీ పెట్టాక ఖాళీ అయిన మైదానం: ఒక డిస్క్ గోల్ఫ్ కేస్ స్టడీ

బాగా నడుస్తున్న ఒక ఆదివారం ఆట, మొదటి టోర్నమెంట్ అయిపోయిన రెండు నెలలకే మూడో వంతుకు పడిపోయింది. అది ఎందుకు పడిపోయింది, మళ్లీ ఎట్లా లేచింది అన్నదే ఈ కేసు. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఏది నడిపేవాళ్లకైనా ఇందులో పనికొచ్చేది ఉందనిపించి రాస్తున్నాను. గ్రామాల్లో ఆటల కార్యక్రమాలకు శిక్షణ, సలహా ఇవ్వడం నా పని. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. కొందరి వయసులు, వృత్తులు గుర్తుపట్టకుండా మార్చాను. పాత నల్లగొండ, పాత పాలమూరు జిల్లాలు కలిసే వైపు ఉన్న ఒక మండల కేంద్రం అనుకుంటే చాలు.

నేపథ్యం

ఆట తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తారు. డిస్క్ గోల్ఫ్‌లో బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, గుంటకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. టీ, అంటే మొదటి విసురుకు గుర్తు పెట్టిన చోటు, అక్కడి నుంచి విసరాలి, పడ్డ చోటి నుంచి మళ్లీ విసరాలి, ఎవరు తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే వాళ్లది గెలుపు. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు, అంటే ఈ ఆట మైదానం, వేశాడు. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను, అంటే పీడీజీఏను 1976లో మొదలుపెట్టింది కూడా ఆయనే. పోటీల నియమాలకు ఇవాళ అందరూ చూసేది ఆ సంస్థ వైపే. డిస్క్ ఆటలన్నిటికీ కలిపి ఉన్న ప్రపంచ సమాఖ్యకు 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు వచ్చింది.

మన ఊళ్లకు ఈ ఆట బాగా సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. చదును చేసిన గ్రౌండ్ అక్కర్లేదు. చెట్లు, బండలు, ఎత్తుపల్లాలు ఉంటేనే ఆట రక్తి కడుతుంది. మన చల్క నేలల్లో, గుట్టల కింద అవి కావలసినన్ని. పదేళ్ల పిల్ల, అరవై దాటిన మనిషి ఒకే గుంపులో నడుస్తూ ఆడొచ్చు. ఒంటికి ఒళ్లు తగలదు కాబట్టి ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి ఆడటానికి ఇంట్లో పెద్దగా అడ్డు చెప్పరు. ఇంత అనువైన ఆట పల్చబడితే తప్పు ఆటలో కాక నడిపే పద్ధతిలో వెతకాలి.

ఈ ఊరికి ఆటను తెచ్చింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆ ఊరి యువకుడే. కంపెనీ పని మీద అమెరికా వెళ్లి అక్కడ నేర్చుకున్నాడు. వస్తూ వస్తూ ఒక సంచిలో డిస్కులు తెచ్చాడు. చెరువు కట్ట వెనక బంచరాయి భూమి ఉంది. లోపల వేపలు, కానుగలు, అంచుల వెంబడి సర్కారు తుమ్మ. అక్కడ తొమ్మిది హోల్స్ గుర్తు పెట్టుకున్నారు. ఒక టీ నుంచి దాని లక్ష్యం దాకా ఒక హోల్. బుట్టలు లేవు. ఒక చోట వేప మొదలు, ఒక చోట పాత సిమెంటు స్తంభం, ఇంకో చోట మూత లేని తారు డ్రమ్ము. యువజన సంఘం వెనక నిలబడింది. హైస్కూల్ పీఈటీ సారు పిల్లలను తోలుకొచ్చాడు. పిల్లల వెంట వచ్చిన తల్లుల్లో పొదుపు సంఘం వాళ్లు ఐదారుగురు తామూ విసరడం మొదలుపెట్టారు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన ఒక్క ఆదివారం తప్పేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే నలభై మంది దాకా చేరేవారు. స్కోరు రాసుకునేవాళ్లు రాసుకునేవారు, మిగతావాళ్లు ఊరికే విసిరి ఇంటికి పోయేవారు.

సమస్య

సంక్రాంతికి టోర్నమెంట్ పెట్టారు. మైకు, బ్యానరు, ఎంట్రీ ఫీజు, మొదటి మూడు స్థానాలకు నగదు. హైదరాబాద్ నుంచి చేయి తిరిగిన ఆటగాళ్లు కొందరు వచ్చారు. పోటీ అంటే పోటీలాగే ఉండాలని టీలను వెనక్కి జరిపారు. అరవై మీటర్ల హోల్ వంద దాటింది. తొమ్మిది హోల్స్‌ను రెండు చుట్లు తిప్పి 18 చేశారు. చివర్లో మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా స్కోర్లన్నీ మైకులో చదివారు.

ఆ రోజుకు ఊరంతా సందడే. తర్వాతి ఆదివారం నుంచి జనం తగ్గుతూ వచ్చారు. మార్చి నాటికి వచ్చేది పది పన్నెండు మంది, అందరూ ఇరవై, ముప్పై ఏళ్ల మధ్య మగవాళ్లు. అప్పుడు సంఘం నన్ను పిలిచింది. కారణాలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి: పిల్లలకు పరీక్షలు, ఎండలు ముదిరాయి, కొత్త మోజు తీరింది. మందు కూడా సిద్ధంగా ఉంది: ఉగాదికి ఇంకా పెద్ద టోర్నమెంట్, ఇంకా పెద్ద ప్రైజు.

నేను ముందు రిజిస్టరు అడిగాను. పరీక్షలే కారణమైతే పదో తరగతి పిల్లలు ముందు మానాలి. ఇక్కడ ఆరు, ఏడు తరగతుల పిల్లలూ అదే వారం మానేశారు. ఎండలే కారణమైతే జనవరి చివర్లో, పొద్దున చలి ఇంకా పోకముందే సగం మంది రాకపోవడమేమిటి? తగ్గుదల టోర్నమెంట్ మరుసటి వారం నుంచే కనిపిస్తోంది. కాబట్టి ఇప్పటికీ వస్తున్నవాళ్లను అడిగి లాభం లేదు, మానేసినవాళ్లను అడగాలి. మీటింగ్ పెడితే వాళ్లు రారు, వచ్చినా సంఘం పెద్దల ముందు నోరు విప్పరు. అందుకని ఇళ్ల దగ్గరికి, కిరాణా కొట్టు దగ్గరికి, పొదుపు సంఘం కూర్చునే అరుగు దగ్గరికి పోయి మాట్లాడాను.

ఒకామె అన్నది: "మైకుల నా పేరు ఆఖర్న జదివిండ్రు సారూ. మా ఆడబిడ్డ పిల్లలు ఇప్పటికీ అదే మాట అని నవ్వుతుంటరు."

కండక్టర్ తాత చెప్పింది వేరు. "నేను వచ్చేదే నడకకు. ఇప్పుడు ఒక్క హోల్ కాడ ఆరేడు సార్లు ఇసరవడితిని. ఎనకొచ్చే పిలగాండ్లు నిలబడి చూస్తుంటరు. మనసొప్పక ఇంటికాడనే ఉంటున్న."

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వేప చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించింది. ఆ హోల్‌కు చెట్టు మొదలే లక్ష్యం, డిస్కు తాకితే హోల్ అయినట్టే. ఆమె డిస్కు మొదలుకు తాకి పక్కకు జారిందట. గుంపులోని అన్నలు తాకలేదన్నారు. బెరడు మీద గీత కోసం నలుగురూ వంగి వెతికారు. ముదురు వేప బెరడు నిండా పగుళ్లే, ఏ గీత ఎప్పటిదో చెప్పలేరు. చివరికి గొంతు పెద్దదైన వాళ్ల మాటే నిలిచి ఈమెకు ఒక త్రో ఎక్కువ రాశారు. "తాకిన చప్పుడు నాకినవడ్డది సార్" అని మాత్రం మళ్లీ మళ్లీ అన్నది.

ఇంకొకటి అందరూ పైపైన చెప్పినా నాకు ముఖ్యమనిపించింది, పొద్దు. తొమ్మిది హోల్స్ అయితే ఎనిమిదింటికి ఇల్లు చేరొచ్చు. 18 అయ్యేసరికి పది దాటుతుంది. వంట, నీళ్లు, చేను పని ఉన్న మనిషి ఆగలేదు. మధ్యలో వెళ్లిపోతే ఆట ఎగ్గొట్టిందనే మాట.

ఇవన్నీ కలిపి చూస్తే, ఆట మీద ఎవరికీ విసుగు రాలేదు. టోర్నమెంట్ ఎవరి చోటు ఎక్కడో అందరి ముందు చూపించింది. పైనున్న పది మందికి తప్ప మిగతావాళ్లకు వచ్చే ఆదివారం రావడానికి కారణం మిగల్చలేదు. టోర్నమెంట్ కోసం వెనక్కి జరిపిన టీలు తర్వాత కూడా అక్కడే ఉండిపోయాయి. అంటే పోటీ ఒక్క రోజుతో పోలేదు, ప్రతి ఆదివారంలోకీ వచ్చి కూర్చుంది.

నిలవని ప్రయత్నాలు

మొదటి ప్రశ్న: పోటీలే మానేద్దామా? సంఘంలో ఒకరిద్దరు అదే అన్నారు. నేను వద్దన్నాను. పొద్దున ఐదున్నరకు వచ్చి కంప కొట్టేది, డిస్కులు మోసేది ఆ యువకులే. వాళ్లు వస్తున్నది పోటీ కోసం. పిల్లలకూ గెలవాలని ఉంటుంది, అది తప్పు కాదు. పోటీని ఉంచి దాని ఆకారం మార్చాలి అన్న చోట నిలబడ్డాం.

అందరికీ మొదట తోచేది విభాగాలు చేయడం. మహిళలు, జూనియర్లు, యాభై దాటినవాళ్లు, ఓపెన్. పీడీజీఏ పోటీల్లోనూ వయసును బట్టి, స్థాయిని బట్టి విభాగాలుంటాయి, తర్కం సరైనదే. కానీ పెద్ద పోటీలో ఒక్కో విభాగంలో ఆడేందుకు చాలినంత మంది ఉంటారు. ఇక్కడ ఏప్రిల్‌లో పెట్టిన చిన్న పోటీలో మహిళల విభాగానికి ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ కప్పులు వచ్చాయి, మరుసటి వారం ముగ్గురిలో ఒక్కరూ రాలేదు. ఆ కప్పుకు విలువ లేదని వాళ్లకూ తెలుసు. జూనియర్లలో పద్నాలుగేళ్ల బలమైన పిల్లవాడు, పదేళ్ల పిల్ల ఒకే పట్టికలో పడ్డారు. చిన్న గుంపును ముక్కలు చేస్తే ప్రతి ముక్కలోనూ పోటీ చచ్చిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, కలిసి ఆడటమే ఈ ఆటకున్న బలం, దాన్నే విభాగాలు తీసేశాయి.

రెండోది శిక్షణ శిబిరం. దూరం విసరలేకపోవడమే కదా బాధ, విసరడం నేర్పితే సరి అనుకున్నారు. హైదరాబాద్ ఆటగాళ్లు ఓపికగానే నేర్పారు. చిక్కు డిస్కుల్లో ఉంది. టోర్నమెంట్ కోసం సంఘం కొన్నవన్నీ డ్రైవర్లు, అంచు వెడల్పుగా పదునుగా ఉండే రకం. బాగా వేగంగా విసిరితేనే అవి నేరుగా పోతాయి. వేగం చాలకపోతే, కుడి చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి (బ్యాక్‌హ్యాండ్) విసిరేవాళ్లకు ముందే ఎడమకు వాలి నేలకు దిగుతాయి. కొత్తవాళ్లు దాన్ని బలంతో సరిచేయాలని చూసి భుజం నొప్పి తెచ్చుకున్నారు. ఎదురుగాలిలో ఇంకా కష్టం. డిస్కు ముక్కు కొంచెం పైకి లేచినా గాలి దాన్ని ఎత్తి వెనక్కి తోస్తుంది. శిబిరం ఆపించి సంఘం చేత పట్టర్లు, మిడ్‌రేంజ్ డిస్కులు, అంటే తక్కువ వేగానికే నేరుగా పోయే రకాలు తెప్పించాను. పీడీజీఏ ప్రమాణంలో డిస్కు బరువు వ్యాసంలో సెంటీమీటరుకు 8.3 గ్రాములు దాటకూడదు. 21 సెంటీమీటర్ల డిస్కు అంటే 174 గ్రాముల దగ్గర. పిల్లలకు అంత అక్కర్లేదు, 150 గ్రాముల దగ్గర ఉన్నవి తెప్పించాం. బొటనవేలు పైన, మిగతా వేళ్లు అంచు లోపల, మోచెయ్యి ముందు, మణికట్టు చివర. ఇంతే నేర్పాం. రెండు వారాల్లో పిల్లల డిస్కులు నేరుగా పోసాగాయి. దీనివల్ల ఉన్నవాళ్లకు ఆట మెరుగైంది గానీ, పోయినవాళ్లు తిరిగి రాలేదు.

మూడోది అంపైర్లు. తాకింది, తాకలేదు గొడవలకు ఒక్కో గుంపుకు ఒక అంపైర్‌ను పెడదామన్నారు. నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉన్నా సంఘం పట్టుదల చూసి ఒప్పుకున్నాను. అంపైర్లుగా వచ్చింది ఆ ఊరి కుర్రాళ్లే, ఒక్కొక్కరిది ఒక్కో వాడకట్టు. తాకలేదని చెప్పిన కుర్రాడి మాటను ఆటగా ఎవరూ చూడలేదు, ఏ వాడకట్టు వాడన్నాడో చూశారు. చెట్టు దగ్గర మొదలైన మాట చాయ్ హోటల్ దాకా పోయింది. అదే నెలలో ఆపేశాం.

నిలిచినవి

చెట్టును లక్ష్యంగా పెట్టుకున్నంత కాలం ఈ గొడవ తీరదు. ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. అమెరికాలో తొలి రోజుల్లో చెట్లు, స్తంభాలే లక్ష్యాలు. ఓక్ గ్రోవ్‌లోనూ మొదట స్తంభాలే. తాకిందా లేదా అనే వాదనలకు హెడ్రిక్ కనిపెట్టిన జవాబే గొలుసుల బుట్ట, దానికి 1977లో పేటెంట్ వచ్చింది. డిస్కు బుట్టలో నిలిస్తే నిలిచినట్టు, లేకపోతే లేదు. సాక్షి అక్కర్లేదు. అందుకే అంపైర్లకు పెట్టే శ్రమ బుట్టలకు పెడదామన్నాను.

దిగుమతి బుట్టలు తొమ్మిది కొనే డబ్బు లేదు. బస్టాండ్ వెనక వెల్డింగ్ షాపులో చేయించాం. పైన చిన్న సైకిల్ రిమ్ము, కింద పెద్ద సైకిల్ రిమ్ముకు ఇనుప కడ్డీలతో బుట్ట, మధ్యలో జీఐ పైపు. పై రిమ్ము నుంచి పశువులను కట్టే సన్న గొలుసులు. మొదట చేసిన బుట్టలో గొలుసులు బిగుతుగా ఉండి డిస్కు తగలగానే ఎగిరి బయట పడింది. వెల్డర్ రెండు మూడు కడియాలు కలిపి వదులు చేశాడు, అప్పుడు గొలుసు డిస్కు వేగాన్ని మింగి కిందికి జార్చింది. అయినా పైపుకు, గొలుసుకు మధ్య సందులోంచి కొన్ని దూరిపోయేవి. లోపల ఇంకో వరుస గొలుసులు వేస్తే ఆగింది. నేలలో కాంక్రీటు పోసి వెడల్పు పైపు పాతి, బుట్ట పైపును అందులో దించి తాళం వేసే ఏర్పాటు చేశాం. ఇనుము కదా, రాత్రి వదిలేయలేం. ఆట అయ్యాక పీకి స్కూలు గదిలో పెడతారు. ఆ మోసే పని ఆరోజు ఆడిన ఆఖరి గుంపుది.

ప్రతి హోల్‌కు రెండు టీలు పెట్టాం. దగ్గరిది నలభై, యాభై మీటర్లు, దూరంది అంతకు రెట్టింపు. దగ్గరి టీని పిల్లల టీ, ఆడవాళ్ల టీ అనొద్దని గట్టిగా చెప్పాను. సున్నంతో గీసి పసుపు, ఎరుపు రంగు రాళ్లు పెట్టాం, అంతే. ఎవరు ఎక్కడి నుంచి ఆడాలో వాళ్లిష్టం. పేరు పెట్టి ఉంటే కండక్టర్ తాత ఎప్పటికీ అక్కడ నిలబడేవాడు కాదు. ఆదివారం ఆట తొమ్మిది హోల్స్‌కు తగ్గించాం. ఎక్కువ కావాలన్నవాళ్లు రెండో చుట్టు ఆడుకుంటారు.

జనాన్ని తిరిగి తెచ్చింది మాత్రం జోడీ ఆట. నెలకొక ఆదివారం రెండు డబ్బాల్లో చీటీలు వేస్తారు. ఒక దాంట్లో చేయి తిరిగినవాళ్ల పేర్లు, ఇంకో దాంట్లో మిగతావాళ్లవి. ఒక్కో చీటీ తీసి జోడీ కడతారు. ఇద్దరూ విసురుతారు, రెంటిలో మంచి చోట పడ్డదాన్ని ఎంచుకుని ఇద్దరూ అక్కడి నుంచి విసురుతారు. ఈ పద్ధతిలో బలహీనుడి తప్పు జోడీకి భారం కాదు, కానీ అతని ఒక్క మంచి విసురు జోడీని గెలిపించగలదు. నేను దీన్ని ఎంచుకున్నది ఈ ఒక్క గుణం కోసమే.

జులైలో ఒక ఆదివారం తాతకు జోడీగా ఇంజినీరింగ్ చదివే కుర్రాడు పడ్డాడు. కుర్రాడి విసురు బుట్టకు ఆరేడు మీటర్ల దూరంలో పడుతుంది, ఆ తర్వాత వేసింది వేసినట్టు తప్పుతుంది. తాత రెండు కాళ్లూ కదలకుండా పెట్టి, డిస్కును ఛాతీ దగ్గర పట్టుకుని, టికెట్ అందించినంత నిదానంగా ముందుకు వదులుతాడు. గొలుసు మోగుతుంది. మూడో హోల్ దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు తన వంతు విసరకముందే "తాతా, నువ్వే ముందటెయ్యి" అనడం మొదలుపెట్టాడు. ఆ వారం తర్వాత తాత దగ్గర పట్టింగ్, అంటే దగ్గరి నుంచి బుట్టలో వేయడం, నేర్చుకోవడానికి ముగ్గురు నలుగురు ముందే వచ్చేవారు. ఈ సంగతి ఊళ్లో పాకిన రెండు వారాలకు పొదుపు సంఘం ఆడవాళ్లలో ఇద్దరు మళ్లీ వచ్చారు. ఆగస్టు నాటికి మిగతావాళ్లూ చేరారు.

ఒంటరి ఆటకు లీగ్ పెట్టాం. పీడీజీఏకు ఆటగాళ్ల రేటింగ్ పద్ధతి ఉంది. ఆడిన రౌండ్ల ఆధారంగా లెక్కకట్టి స్క్రాచ్ ఆటగాడిని, అంటే కోర్సు ప్రామాణిక స్కోరుకు సరిగ్గా ఆడగలిగే గట్టి ఆటగాడిని, 1000 దగ్గర పెడతారు. దానికి చిన్న రూపం మా నోట్‌బుక్. ఎవరి గత రౌండ్ల సగటు వాళ్ల ఎదుట రాసి ఉంటుంది, ఆ రోజు ఆట దాంతోనే పోటీ. మొదట, సగటు కన్నా ఎన్ని త్రోలు తగ్గిస్తే అన్ని పాయింట్లు అన్నాం. మంచి ఆటగాళ్లు అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైనదే. 38 ఆడేవాళ్లు 34కు రావడం కుదురుతుంది, 28 ఆడేవాడు 24కు ఎట్లా వస్తాడు? అందుకని సగటును దాటితే 2 పాయింట్లు, సమానమైతే 1 అని మార్చాం. ఎంత దాటారన్నది లెక్కలోకి రాదు. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఒకరు సగటు పెంచుకోవడానికి కావాలని చెడగొట్టి ఆడారు. గుంపు కనిపెట్టింది. ఎవరినీ నిలదీయకుండా లెక్కే మార్చాం. గత నాలుగు రౌండ్లలో మంచి రెండింటి సగటే తీసుకోవాలి. అప్పుడు చెడగొట్టి లాభం లేదు.

నియమాలను ఆటగాళ్ల చేతికే ఇచ్చాం. గుంపు అంటే మూడు నుంచి ఐదుగురు, ఒకే వాడకట్టు వాళ్లు ఇద్దరికి మించకుండా. హోల్ అయిన వెంటనే ఎవరి స్కోరు వాళ్లు అందరికీ వినపడేలా చెప్పాలి, ఇద్దరు రాయాలి. పీడీజీఏ నియమాల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది: గుంపులో ఎక్కువ మంది ఒక మాటకు రాకపోతే సందేహ లాభం విసిరినవారిదే. దాన్ని మొదటి వారమే నేర్పాను. గొంతు పెద్దదైన వాళ్ల బలం దీంతో పోతుంది. మిగతావి వారానికొకటి. విసరడానికి 30 సెకన్లు. దూరంగా ఉన్నవాళ్లది ముందు వంతు. బుట్ట చుట్టూ 10 మీటర్ల గీత లోపల విసిరితే, తూలకుండా నిలబడ్డాకే అడుగు ముందుకు వేయాలి. ఆ గీతను సున్నంతో వేస్తాం. తాడు పట్టుకుని తిప్పుతూ గీత వేయడానికి పిల్లలు పోటీ పడతారు. ఒకేసారి రూల్సు పుస్తకం చదివి వినిపిస్తే, అది కంఠస్థం చేసిన ఒకరిద్దరి చేతిలో కర్ర అవుతుంది.

ఇక భూమి సంగతి. వర్షాలకు గడ్డి లేచాక గొర్ల మందలు అటు రావడం ఎక్కువైంది. డిస్కు ఒక గొర్రెకు తగిలి మాట మాట అయ్యింది. కంచె వేద్దామని సంఘంలో గట్టి ప్రతిపాదన. ఇక్కడ నేను అడ్డం పడ్డాను. బంచరాయి పశువులు మేయడానికి ఉన్న భూమి. మనం అక్కడ ఆడుతున్నామంటే వాళ్లు రానిస్తున్నారు కాబట్టే. కంచె వేసిన రోజు ఆట ఊరిది కాకుండా పోతుంది, పంచాయతీలో మొదటి ఫిర్యాదుకే ఆగిపోతుంది. గొర్ల కాపరులతో కూర్చుని మందలు ఏ వేళకు ఎటు నుంచి దిగుతాయో గీసుకున్నాం. బాటకు అడ్డంగా ఉన్న రెండు హోల్స్ మార్చాం. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించడం నియమం చేశాం. బాట మీద మనిషి గానీ జీవం గానీ ఉంటే చేయి ఎత్తినవాళ్లు కూడా దించాలి. పంచాయతీ నుంచి వారానికి ఒక పూట వాడుకోవడానికి తీర్మానం రాయించుకున్నాం. గడ్డిలో పాముల భయం ఉంది కనుక డిస్కు తుమ్మ పొదలో పడితే చేయి పెట్టకూడదు, కర్రతో లాగాలి, దొరకకపోతే పొద అంచు నుంచి పెనాల్టీ లేకుండా ఆడాలి. చివరిది మా ఊరి నియమం. పోటీ రూల్సుకు సరిపోకపోయినా నేను దాన్ని మార్చనివ్వలేదు.

రెండో టోర్నమెంట్

మరుసటి సంక్రాంతికి మళ్లీ పెట్టారు. పొద్దున వాడకట్టుల మధ్య జోడీ పోటీ, దగ్గరి టీల నుంచి తొమ్మిది హోల్స్. వాళ్లంతా ముగించాక, దూరపు టీల నుంచి 18 హోల్స్ ఓపెన్, బయటివాళ్లకు అందులోనే చోటు. నగదు లేదు, బహుమతులన్నీ డిస్కులే. స్కోర్లు కాగితం మీద రాసి గోడకు అంటించారు. మైకులో చదివింది రెండే: గెలిచిన జోడీలు, లీగ్‌లో ఎక్కువసార్లు తమ సగటును దాటినవాళ్లు. ఆ రెండో జాబితాలో మొదటి పేరు, ఏడాది కింద మైకులో ఆఖరి పేరుగా వినపడినామెదే.

ఆ తర్వాతి ఆదివారం ముప్పై మందికి పైగా వచ్చారు. నాకు కావలసిన లెక్క అదొక్కటే. టోర్నమెంట్ రోజు ఎంత మంది వచ్చారన్నది ఏ కార్యక్రమానికీ కొలత కాదు. మరుసటి వారం ఎవరు వచ్చారో, వాళ్లలో పట్టిక అడుగున ఉన్నవాళ్లెందరో చూడాలి.

పోయినదీ ఉంది. పొడుగు హోల్స్, గట్టి పోటీ కావాలనుకున్న ముగ్గురు నలుగురు యువకులు ఆదివారం ఆట వదిలి హైదరాబాద్ వెళ్లి ఆడుతున్నారు. వాళ్లలో ఇద్దరు మంచి ఆటగాళ్లు. రెండో చుట్టు ఇంకా కఠినంగా పెట్టి ఉంటే నిలిచేవారేమో, సంఘానికి ఇప్పుడు ఆ పని అప్పజెప్పాను.

ఇలాంటి పని చేసేవాళ్లకు

నన్ను అడిగితే, కొత్త ఆటకు మొదటి ఏడాది బయటివాళ్లతో పోటీ వద్దు. ఊళ్లోనే జోడీలతో మొదలుపెట్టండి. విభాగాలు చేసే ముందు ఒక్కో విభాగానికి ప్రతి వారం కనీసం ఎనిమిది మంది వస్తారా అని రిజిస్టరు చూసుకోండి. రాకపోతే అందరినీ కలిపి ఉంచి, ఎవరి సగటుతో వాళ్లను పోల్చండి. ఊళ్లో నలుగురికీ తెలిసిన మనిషిని అంపైర్‌గా పెట్టడం, అతనికీ ఆటకీ ఇద్దరికీ అన్యాయమే. గొడవ పుట్టే చోటును వస్తువుతో సరిచేయగలిగితే మనిషితో సరిచేయకండి. ఇక్కడ బుట్ట ఆ పని చేసింది, వాలీబాల్‌లో కొత్త నెట్టు, సరిగ్గా గీసిన గీత ఆ పని చేస్తాయి. జనం తగ్గినప్పుడు మిగిలినవాళ్లతో మీటింగ్ పెట్టి కారణం తేల్చకండి, ఎందుకంటే వాళ్లు మిగిలిందే ఉన్న పద్ధతి వాళ్లకు సరిపోయింది కాబట్టి.

సర్టిఫికెట్ గురించి ఒక మాట. "గిది ఉద్యోగాలల్ల స్పోర్ట్స్ కోటాకు పనికొస్తదా సార్?" అని ప్రతి తండ్రీ అడుగుతాడు. మన ఊరి పోటీ కాగితానికి ఆ విలువ లేదని మొదటి రోజే చెప్పించాను. కొందరు పిల్లలను మాన్పించారు. చెప్పకుండా ఉంటే వాళ్లు ఇంకో ఏడాది ఉండేవారు, ఆ తర్వాత మోసపోయామని ఊరంతా చెప్పేవారు.

తేలనిది ఒకటి మిగిలింది. పదో తరగతి అయిన ఆడపిల్లలు ఆగిపోతున్నారు. చెట్టు బెరడు చూపించిన అమ్మాయి ఇంకా వస్తోంది, కానీ ఆమె అక్క, ఆమె కన్నా బాగా విసిరేది, ఇంటర్‌లో చేరాక రాలేదు. కాలేజీ హాస్టల్, పొద్దున బస్సు, ఇంట్లో అభ్యంతరం, ఒక్కొక్కరిది ఒక్కో కారణం. పొదుపు సంఘం ఆడవాళ్లు తమ వెంట తీసుకొస్తామని బాధ్యత తీసుకుంటే నలుగురిని పంపుతామని రెండు మూడు ఇళ్లల్లో ఒప్పుకున్నారు. వేసవి సెలవుల్లో దాన్ని మొదలుపెడుతున్నాం, ఎవరు ఎన్ని వారాలు వచ్చారో నోట్‌బుక్‌లో వేరుగా ఒక పేజీ తీశాం.